మేరీ కోల్విన్

మేరీ కోల్విన్ (1956 జనవరి 12 – 2012 ఫిబ్రవరి 22) లండన్ వారపత్రిక 'సండే టైమ్స్'కు పాతికేళ్లకు పైగా యుద్ధవార్తలు అందించిన అమెరికన్ విలేకరి.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జన్మించి, యేల్ విశ్వవిద్యాలయంలో చదివారు. యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ వార్తాసంస్థలో పనిచేసి, 1985లో సండే టైమ్స్‌లో చేరారు. 1986లో లిబియా పాలకుడు గడాఫీని ఇంటర్వ్యూ చేశారు. చెచెన్యా, కొసావో, సియెర్రా లియోన్ యుద్ధాల గురించి రాశారు. 1999లో తూర్పు తిమోర్ రాజధాని దిలీలో, ముట్టడిలో ఉన్న ఐక్యరాజ్యసమితి ఆవరణలోని సుమారు 1,500 మంది శరణార్థులను విడిచి వెళ్లడానికి నిరాకరించి, అక్కడి నుంచే వార్తలు పంపారు. అనంతరం వారిని సురక్షితంగా తరలించారు.

2001 ఏప్రిల్‌లో శ్రీలంకలో తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈ ఆధీనంలోని ప్రాంతం నుంచి ప్రభుత్వ ప్రాంతానికి దాటుతుండగా, సైనికులు పేల్చిన గ్రెనేడ్ శకలాలు తగిలి ఎడమ కంటి చూపు కోల్పోయారు. ఆ తర్వాత కంటికి నల్లని పట్టీ ధరించి వృత్తిలో కొనసాగారు.

2012లో సిరియాలోని హోమ్స్ నగరంలోకి రహస్యంగా ప్రవేశించారు. బాబా అమ్ర్ ప్రాంతంలో విలేకరులున్న భవనంపై ప్రభుత్వ దళాలు జరిపిన దాడిలో, ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ రెమీ ఓష్లిక్‌తో పాటు మరణించారు. ఉద్దేశపూర్వక హత్యగా నిర్ధారించిన అమెరికా ఫెడరల్ కోర్టు, 2019లో సిరియా ప్రభుత్వం 30 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. సైనిక వ్యూహాల కన్నా సామాన్య పౌరుల కష్టనష్టాలకే ఆమె కథనాలు ప్రాధాన్యమిచ్చాయి.