చెన్నపురవాసి మనూచీ

మొగలు చక్రవర్తుల చరిత్రమును వ్రాయబూనినవారెవ్వరును నికొలావ్ మనూచీ గ్రంథమును దడవక ముందునకు బోజాలరు. షాజహాను కడపటి దినములు, దారా షికో పరాజయము, ఔరంగజేబు దక్షిణాపథ దండయాత్రలు మున్నగు వానిలో బెక్కింటిని గన్నులార గాంచినవాడగుటచే నాతని వాక్యమును గొందఱు ప్రమాణముగా గైకొనుచున్నారు. బజారు వదంతులను నిజములతో గలిపి చెప్పినాడని మఱికొందఱు త్రోసిపుచ్చుచున్నారు. ఈ రెండు తెగలవారును గ్రంథమునందలి ఢిల్లీ, ఆగ్రా నగరములనే చూచుచుందురు గాని, ఆ గ్రంథ మెచ్చట గూర్చుండి వ్రాయబడెనో యంతగా గమనింపరు. అది వ్రాయబడినది రాజధానులందు గాదు. తూర్పుతీరమున నప్పుడప్పుడే పెరుగుచున్న యొక చిన్న పట్టణమున. ముప్పదియేండ్లు కొలువులు మార్చుచు దిరిగిన మనుష్యునకు నొక యిల్లును, ఇల్లాలును దొరకిన పిమ్మటనే యా తిరుగుళ్లన్నియు నొక చరిత్రముగా రూపొందెను. మనూచీ జీవితమును వరుసగా బరిశీలించినచో నీ విషయము తేటపడగలదు.

మనూచీ 1638వ సంవత్సరమున ఇటలీ దేశమునందలి వెనీసు నగరమున జన్మించెను. కలవారి బిడ్డ కాడు. లోకమును జూడవలెనను కోరికయే యాతనికి జిన్ననాటనుండి పట్టిన పిచ్చి. 1653లో నింకను బదునైదేండ్లు నిండీనిండని ప్రాయమున దల్లిదండ్రులకు జెప్పక యొక యోడలో దాగుకొని యిల్లు వెడలెను. ఆ యోడలో బయనించుచున్న బెల్లమాంటు ప్రభువను ఆంగ్లేయు డీ బాలుని జేరదీసి తన పరిచారకునిగా నుంచుకొనెను. దేశభ్రష్టుడై యుండిన రెండవ ఛార్లెసు రాజు పక్షమున నా ప్రభువు పారసీక, హిందూస్థాన ప్రభువుల కడకు రాయబారియై పోవుచుండెను. తురుష్క, పారసీక దేశములమీదుగా వీరిరువురును 1656లో సూరతు రేవునకు జేరిరి. ఆ సంవత్సరమే, ఆగ్రానుండి ఢిల్లీకి బోవు మార్గమున, ప్రభువు హఠాత్తుగా మరణించెను. పదునెనిమిదేండ్ల బాలునకు గన్నవారి యూరు కడు దూరమయ్యెను, కాపాడినవాడు మన్నయ్యెను.

అది మొద లాతని బ్రతుకు కొలువులతో గడచెను. షాజహాను జ్యేష్ఠపుత్రుడగు దారా షికో యీతనిని నెలకు 80 రూపాయల జీతముపై ఫిరంగిదళమున జేర్చుకొనెను. 1658లో సామూగఢ యుద్ధమున దారా యోడిపోగా మనూచీ యాతనిని విడువక వెంబడించి, సింధునదీ మధ్యమందలి భక్కరు కోటలో ముట్టడి కష్టముల ననుభవించెను. 1659లో దారా చంపబడిన పిదప నౌరంగజేబు కొలువున జేరుట కాతని మనస్సొప్పుకొనలేదు. పొట్ట చేతబట్టుకొని తిరిగిన యీ పరదేశికి యజమానునియందు భక్తి కలదనుటకు నిదియొక నిదర్శనము. తరువాత రాజా జయసింహుని దండులో ఫిరంగులకు బెద్దయై దక్షిణమునకు వచ్చి 1665లో శివాజీని స్వయముగా జూచెను. అటుపిమ్మట బసయీ, గోవాలను జూచి మఱల నుత్తరమునకు బోయి లాహోరున వైద్యుడయ్యెను. ఏ గురువునొద్దను శాస్త్రము చదివినవాడు కాడు. గ్రంథములను జూచియు, నితరులు చేయునది పరికించియు, ధైర్యముచేతను వైద్యమును నేర్చినాడు. లాహోరున గూడబెట్టిన ధనముతో బశ్చిమతీరమునకు బోయి బాంద్రాయందు స్థిరపడ జూచెను గాని, యొక యోడ వ్యాపారమున నా ధనమంతయు నష్టమయ్యెను. మఱల దిరుగుడు, మఱల గొలువు. ఈ తూరి ఔరంగజేబు కుమారుడగు షా ఆలము నాస్థానమున వైద్యవృత్తి.

షా ఆలము సైన్యముతో దక్కనునకు వచ్చినప్పు డాతని విడిచి గోవా చేరగా, పోర్చుగీసువారు తమ రాయబారములం దీతని నుపయోగించుకొని 1684లో సంట్యాగో వీరపదవి నిచ్చి గౌరవించిరి. బిరుదు లభించెను గాని నిలుకడ లభింపలేదు. వైద్యుని వదలుకొనుటకు షా ఆలమునకు నిష్టము లేకపోయెను. అందుచే మనూచీ గోలకొండకు దప్పించుకొని పోయెను. అది కుతుబుషాహీల ప్రభుత్వమునకు దుదిగడియ. 1687లో నా కోట మొగలుల వశమయ్యెను. అంతకు ముందే యీతడచ్చటనుండియు వెడలి మచిలీపట్టణపు సీమకును, గోదావరి ముఖమునందలి నరసాపురమునకును వచ్చి, 1686లో సముద్రతీరముననే చెన్నపట్టణము చేరెను. ఇట్లాతని తిరుగుడులో దుదిమజిలీలు తెలుగుదేశమునందే యగుట గమనింపదగినది.

అప్పటి చెన్నపట్టణమును నేటి మహానగరముగా భావింపరాదు. దామర్ల వేంకటప్పనాయని యనుమతితో 1639లో నింగ్లీషువారీ స్థలమును బొంది కోట గట్టుకొనిరి. ఆ నాయని తండ్రియగు చెన్నప్ప పేరనే చెన్నపట్టణ మను నామము గలిగెను. మనూచీ వచ్చునప్పటికి దాని వయస్సు నలువదియేడేండ్లు. ఒక కోట, దానిలో గొన్ని వీథులు, కోటకు వెలుపల దేశీయుల పేట, దానికి జుట్టును దోటలు, ఎదుట రేవుకట్టడము లేని సముద్రము. ఢిల్లీ, లాహోరులను జూచిన కన్నుల కిది పల్లెకు బెద్ద, నగరమునకు జిన్న. అయిన నీ పట్టణమునకు వేఱొకచోట గానరాని లక్షణ మొకటి కలదు. ఇందు దాతముత్తాతలనాటినుండి యున్నామని చెప్పుకొనగలవారు కడు గొలదిమంది. 1680లో గతించిన కాసి వీరన్న వంటి వర్తకులు, నేతగాండ్రు, దుబాసీలు, పడవవాండ్రు, పోర్చుగీసులు, అర్మేనీయులు, ఇంగ్లీషు గుమాస్తాలు, అందఱును నేదోయొకచోటినుండి వచ్చినవారే. వచ్చినవానిని “నీ వెవ్వడ”వని నిలదీసి యడుగుటకు దగినంత పాతదనము ఆ యూరికి రాలేదు. ఊరు లేనివానికి దగిన యూరు దొరకెను.

మనూచీ యిచ్చటను నిలిచియుండునో, నిలువకుండునో చెప్పలేము. ఆతని నిలిపినది వివాహము. పుదుచ్చేరియందు ఫ్రెంచివారి కధిపతియగు ఫ్రాన్స్వా మార్తెన్ ఈతనికి మిత్రుడు. ఇక దిరుగుట చాలించి గృహస్థు డగుట మేలని యాతడు హితవు చెప్పెను. మనూచీ యా మాట విని, చెన్నపురవాసియై గతించిన థామస్ క్లార్కు భార్యయగు ఎలిజబెత్తు నా 1686వ సంవత్సరముననే వివాహమాడెను. ఆమె తండ్రి క్రిస్టఫర్ హార్ట్లీ మచిలీపట్టణమందలి యింగ్లీషు వర్తకశాలకు బెద్దయై యుండెననియు, తల్లి అగ్వీదా పెరీరా యను పోర్చుగీసు స్త్రీ యనియు మనూచీ వ్రాసినాడు. ఆమె పుట్టువునందే రెండు జాతులు గలిసినవి. ఆతని బ్రతుకునందు బది జాతులు గలిసినవి. ఇరువురకును మతమొక్కటే, ఇరువురును రోమను కేథలిక్కులు. వధువు విధవ, వరునకు నలువదియెనిమిదేండ్లు. ఇది యౌవనోద్రేకమున జరిగిన కళ్యాణము గాదు. లోకపు టెండవానలను జూచిన యిరువురొక పంచ క్రిందికి జేరుట.

క్లార్కు మూలమున నా దంపతులకు గోట వెలుపలి పేటలో నిల్లును దోటయు గలిగెను. పరంగిమలయొద్దను మనూచీ కొక గృహముండెను. వారికొక కుమారుడు గలిగి శైశవముననే మరణించెను. పరుల యంతఃపుర గాథలను బుటలకొలది వ్రాసిన లేఖిని తన యింటి ముచ్చట వచ్చునప్పటికి గొలది పంక్తులతో నూరకుండెను. భార్య కులగోత్రములు చెప్పెను, బిడ్డ పుట్టి పోయెనని చెప్పెను, దైవేచ్ఛ యని తలవంచెను, అంతే. తక్కిన యన్నిటిని బెంచి చెప్పుట కలవాటుపడినవా డిచ్చట గుదించి చెప్పుటచేతనే, యిది యాతనికి గథ గాదనియు, జీవితమనియు నూహింపవచ్చును.

గృహస్థుడైన పిదప మనూచీ పట్టణమునకును గావలసినవా డయ్యెను. ఆతని చేతి వైద్యమునకు మిక్కిలి ప్రసిద్ధి గలిగెను. ఒక దేశీయుని నాడిని బరీక్షించుచున్నట్లు చిత్రింపబడిన యాతని రూపము నేటికిని బారిసు గ్రంథాలయమున నున్నది. పారసీకభాషయు, మొగలు దర్బారు మర్యాదలును దెలిసినవాడు కోటలో నింకొకడు దొరకుట కష్టము. కావున నవాబులకు లేఖలు వ్రాయుటకును, రాయబారములకును గవర్నర్లీతని సహాయమును గోరుచుండిరి. 1701లో గర్ణాటక సీమకు నధికారియైన దావూదుఖాను నొద్దకు గానుకలతో నెవరిని బంపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, గవర్నరు థామస్ పిట్టు మనూచీని, రామప్ప యను బ్రాహ్మణుని నేర్పఱచి పంపెను. మఱుసటి యేడు దావూదుఖాను పట్టణమును మూడునెలలు దిగ్బంధించి, తుదకు ధనము గైకొని తొలగెను. ఏ సేనలలో నొకప్పుడు తాను జీతము దినెనో యా సేనలే తన యింటిని జుట్టుముట్టగా, మనూచీ కోటవారి పక్షమున నుండెను. దారాకొఱకు భక్కరులో ముట్టడికి లోనైనది ప్రభుభక్తిచేత. ఇచ్చట నట్లు గాదు; ఇది తన యూరు.

ఆతని గ్రంథమగు “స్తోరియా దో మొగోర్” పుట్టినది యీ నిలుకడ కాలముననే. పదునేడవ శతాబ్ది ముగియుచుండగా నాతడు తన స్మృతులను గ్రంథముగా గూర్చెను. ఆ వ్రాతప్రతులను జూచినచో నొక వింత కానవచ్చును. కొంతభాగ మిటాలియనున, గొంత పోర్చుగీసున, గొంత ఫ్రెంచిన నున్నది. ఎప్పు డే భాష తెలిసిన లేఖకుడు దొరకిన నప్పు డా భాషలో జెప్పి వ్రాయించినాడు. దీనిని గొందఱు లోపముగా నెంచిరి. నిజమునకు గర్త జీవితచరిత్రమంతయు నా మూడు భాషల కలగలుపులోనే యున్నది. పదునైదేండ్లకే యిల్లు విడిచినవానికి మాతృభాష సైతము పూర్తిగా మిగులలేదు.

గ్రంథముతోపాటు రెండు చిత్రసంపుటములను గూడ సిద్ధము చేయించెను. మొదటిది మొగలు చక్రవర్తుల, రాజకుమారుల, దక్కను సుల్తానుల రూపములు గలది. అందలి చిత్రము లాతడు షా ఆలము కొలువులో నుండినప్పుడే వ్రాయించి తెచ్చుకొన్నవి. రెండవది చెన్నపట్టణమునకు వచ్చిన పిదప నేర్పడినది. ఇందు హిందూదేవతలు, దేవాలయోత్సవములు, వివాహాచారములు గలవు. మొదటి సంపుటము కొలువులో నున్నవాడు చూచిన లోకము. రెండవది యిరుగుపొరుగున నున్నవాడు చూచిన లోకము. హిందువుల యాచారములనుగూర్చి మనూచీ వ్రాసినదానిలో దురభిప్రాయములును, పరిహాసములును మెండు. దానిని మఱుగుపఱుప బనిలేదు. అయినను వానిని జిత్రింపజేసి దాచవలెనను బుద్ధి వీథిలో నిత్యమును జూచుచుండుటచేతనే కలిగినది.

1701 ప్రాంతమున మొదటి భాగములును, చిత్రములును ఐరోపాకు బంపబడెను. అవి కేత్రూ యను జెసూట్ మతాచార్యుని చేతబడగా, నాతడు వానిని దన యిచ్చవచ్చినట్లు మార్చి 1705లో ఫ్రెంచి భాషలో బ్రకటించెను. ఆ వార్త విన్న మనూచీకి గలిగిన కోపము నతడు దాచుకొనలేదు. సంతానము లేని వృద్ధునకు మిగిలిన సంతాన మదియొక్కటే. దానిని బరులు తమదిగా జేసికొనిరి. అప్పు డాతడు తన యొద్ద నుండిన మూలప్రతిని, రెండవ చిత్రసంపుటమును వెనీసు ప్రభుత్వమునకు బంపి రక్షణము గోరెను. సుమారేబదియేండ్ల క్రిందట నెవరికిని జెప్పక విడిచిన యూరినే యాతడు తుదకు న్యాయ మడిగినాడు. పుస్తకమును బంపెను గాని తాను మాత్రము వెళ్లలేదు. ఆ ప్రతులను వెదకి విలియం ఇర్విను చేసిన యాంగ్లానువాదము 1907, 1908 సంవత్సరములలో నాలుగు సంపుటములుగా వెలువడువఱకును మనూచీ మాట మనూచీ మాటగా లోకమునకు దెలియలేదు.

1706లో ఎలిజబెత్తు మరణించెను. ఇరువదియేండ్ల కాపురము ముగిసెను. పిదప మనూచీ పుదుచ్చేరియందు గొంతకాల ముండెను. 1712వ సంవత్సరపు కోట దస్త్రములం దాతని ప్రసక్తి వచ్చినప్పుడు, వెనీసున బుట్టినవాడు, చిరకాల మీ పట్టణమున గాపురమున్నవాడని వ్రాయబడెను. ఆతనికి ఫిరంగిదారు, వైద్యుడు, రాయబారి, వీరపదవీధారి యని యెన్నో పేళ్లుండెను. వానిలో నే యొక్కటియు నాతని కొక నివాసమును జూపలేదు. ఒక గుమాస్తా వ్రాసిన యీ పంక్తి మాత్ర మాతని కొక యూరి నిచ్చినది. 1717 ప్రాంతమున, సుమారెనుబదియేండ్ల ప్రాయమున, మనూచీ యీ దేశముననే కన్నుమూసెను.

ఇంక నాతని గ్రంథపు ప్రామాణ్యమును గూర్చి యొక్క మాట. మనూచీ వాక్యములను దూచునపు డాతడు చూచినదానిని, విన్నదానిని వేఱుపఱచుకొనుట యావశ్యకము. అది యెల్లరు నెఱిగినదే. దానితోపాటు మఱియొక భేదమును గూడ గుర్తింపవలెను. ఢిల్లీ దర్బారును వర్ణించునప్పు డాతడు బాటసారి. చెన్నపట్టణమును, దావూదుఖానుని, తీరప్రాంతపు జనులను వర్ణించునప్పుడు కాపురస్థుడు. బాటసారి కన్ను వింతలను వెదకును; కాపురస్థుని కన్ను ధరలను, పన్నులను, ఇరుగుపొరుగుల భయములను జూచును. దక్షిణదేశ చరిత్రకారులకు రెండవ మనూచీయే యెక్కువ యుపకరించును. ఆ రెండవ మనూచీని సృజించినది యే చక్రవర్తియు గాదు. పుదుచ్చేరి మిత్రుని హితవు, మచిలీపట్టణపు టింటి యాడపడుచు, పేటలోని యొక తోటయు గలిసి, తిరుగుబోతును జరిత్రకారునిగా జేసినవి.