కిస్తీ తప్పిన నెల: బహదూర్‌పల్లి పొదుపు సంఘాలూ పిల్లల రందీ

బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పన్నెండు రాష్ట్రాలు తిరిగింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని ఆ సర్వే చెప్పిన అంకెను మాత్రం మన సెమినార్లలో మన పిల్లల లెక్క అన్నంత ధీమాగా చదువుతున్నాం. పక్కింటి వాళ్ళ కొలతలతో మన పిల్లలకు చొక్కా కుట్టించడం లాంటిదే ఇది. మరి మన పిల్లల బాధ ఎక్కడా నమోదు కాలేదా అంటే, అయింది. ఆ రాత పరిశోధకులు తెరిచే పుస్తకంలో లేదు. పొదుపు సంఘం తీర్మానాల పుస్తకంలో ఉంది. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించి.

హైదరాబాదు శివార్లలో గండిమైసమ్మ చౌరస్తా నుంచి బహదూర్‌పల్లి దారి పడితే ఒక పక్క టెక్ మహీంద్రా ప్రహరీ, అదే ప్రాంగణంలో 2014లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2020లో విశ్వవిద్యాలయమైన మహీంద్రా సంస్థ. ఆ ప్రహరీ వెనక ఒకప్పుడు ఉన్నది సత్యం కంప్యూటర్స్ టెక్నాలజీ సెంటర్. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడ్డాక అందులో ఇంజనీర్లే కాదు, వాళ్ళకు వండిపెట్టి, బట్టలుతికి, కార్లు నడిపి బతికిన చుట్టుపక్కల ఇళ్ళూ కుదేలయ్యాయి. పత్రికలు వాటాదారుల కష్టం రాశాయి. వంటమనిషి కొడుకు చదువు ఏమైందో ఎవరూ రాయలేదు. దక్షిణాన జీడిమెట్ల పారిశ్రామికవాడ, ఉత్తరాన దుండిగల్ వైమానిక దళ అకాడమీ, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, హాస్టళ్ళు, వెంచర్లు. ఊరు 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో కలిసింది. తాతల నాటి కుటుంబాలు ఇప్పుడిక్కడ తక్కువ. అద్దె గదుల్లో ఉండేవాళ్ళు పాలమూరు, మెదక్ పల్లెల నుంచీ, కోస్తా నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు.

ఇలాంటి చోట యువత మనోస్థితిపై పని చేసేవారికి చేతికందే నమూనాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో సియాటిల్ పరిశోధకులు తయారు చేసిన పద్ధతిలో ఊరి పెద్దలు బోర్డుగా కూర్చుని, బడిలో సర్వే చేయించి, ఏ ముప్పు ఎక్కువో చూసి కార్యక్రమం ఎంచుకుంటారు. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా అమ్మమ్మ వయసు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి జనం కష్టం వినడానికి క్లినిక్కుల ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. మన దగ్గర జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చింది. తర్వాత విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో 10–19 ఏళ్ళ పిల్లలతోనూ అలాంటి పని చేపట్టింది. ఇవి మంచి పనులే. నా తగాదా వీటితో కాదు. మన సామాజిక శాస్త్ర విభాగాల్లో ఇప్పటికీ తిరుగులేని మాటగా చెలామణీ అవుతున్న ఒక పుస్తకంతో.

ఆ పుస్తకం మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’. అది శామీర్‌పేట గురించి. బహదూర్‌పల్లికీ శామీర్‌పేటకూ మధ్య మేడ్చల్ హైవే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో 1951–52లో దూబే ఆ ఊళ్ళో పని చేశాడు. అదే 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. ఊరంటే ఏమిటో అధికారులకు చెప్పిన పుస్తకాల్లో ఇదొకటి. ఇవాళ ‘కుటుంబాన్ని బలపరచాలి, సమాజాన్ని భాగస్వామిని చేయాలి’ అని జీవోలు రాస్తున్నప్పుడు అధికారుల మనసులో మెదిలే ఊరు దూబే శామీర్‌పేటే. ఉమ్మడి కుటుంబం పేరుకే మిగిలిందనీ, పెళ్ళయిన కొద్ది ఏళ్ళకే కొడుకులు వేరు కాపురాలు పెడుతున్నారనీ దూబే లెక్కగట్టి మరీ చూపాడు. అంత చూసినవాడు అక్కడే ఆగాడు. వేరుపడిన ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు చెడినప్పుడు, ఎదిగిన పిల్లవాడు ముభావంగా తయారైనప్పుడు ఆ చిన్న సంసారం ఎవరి గుమ్మం తొక్కుతుంది? కులపెద్దలు, ఊరిపెద్దలు అన్నది ఆ పుస్తకం ఇచ్చే జవాబు. మగవాళ్ళు చెట్టు కింద కూర్చుంటేనే పంచాయితీ అనుకుంటే అంతకుమించి కనిపించదు. బావి దగ్గర, కల్లంలో, కల్లు కాంపౌండు వెనక గోడను ఆనుకుని ఆడవాళ్ళు నడిపే పంచాయితీ ఆయన నోటుపుస్తకంలోకి ఎక్కలేదు. డెబ్భై ఏళ్ళుగా మనం ఆ ఖాళీనే వారసత్వంగా మోస్తున్నాం. యువజన మానసిక ఆరోగ్యానికి వేసే ప్రతి కమిటీలో సర్పంచో కౌన్సిలరో, హెడ్మాస్టరో, డాక్టరో ఉంటారు. సంఘం లీడరు ఉండదు.

దూబే అభిమానులు నొచ్చుకుంటారని తెలుసు. నేనూ ఎం.ఏ.లో ఆ పుస్తకం చదివే పాసయ్యాను.

అసలు సంగతికి వస్తాను. పట్టణ పొదుపు సంఘం అంటే నెలనెలా డబ్బు జమచేసి, అప్పు తీసుకుని, కిస్తీలు కట్టే పదిమంది ఆడవాళ్ళ గుంపు. వీటిని చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా; దాని తరఫున సంఘాల మధ్య తిరిగే రిసోర్స్ పర్సన్‌ను ఆర్‌పీ అంటారు; పైన స్లమ్ సమాఖ్య ఉంటుంది, అప్పు బ్యాంకు లింకేజీ నుంచో స్త్రీనిధి నుంచో వస్తుంది. నేను కూర్చున్నది ఒక లీడరు ఇంటి వరండాలో. మేకకు దారిలేకుండా అడ్డం పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ, నేల మీద చాప, రేకు డబ్బా, వేలిముద్రల సిరా దిమ్మ, అట్ట చిరిగిన పుస్తకం. డబ్బులు లెక్కపెడుతుంటే ఒకావిడది కిస్తీ సగమే వచ్చింది. ఆమె రాలేదు, పక్కింటామెతో పంపింది.

“ఏమాయెనే, తను రాకపాయె?”

“వాళ్ళ పిలగాడు మూడు దినాలాయె అక్కా, అర్ర తలుపు దీస్తలేడు. బువ్వ గడపకాడ పెడుతున్నది. రంది పెట్టుకున్నడు.”

లీడరు పెన్ను ఆపింది. ఇంటర్ తప్పాడా, ప్రేమ సంగతా, మందు అలవాటైందా అని ఎవరూ తవ్వలేదు. పొద్దున షిఫ్టు లేనిదెవరు అని మాత్రం అడిగింది. ఒకామె చెయ్యెత్తింది. ఇంకొకామె తన తమ్ముడు వినాయక మండపం కుర్రాళ్ళలో ఒకడనీ, ఆ పిల్లవాడితో క్రికెట్ ఆడేవాడనీ చెప్పింది. ఆర్‌పీ ఆశా కార్యకర్తకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో అంతా తేలింది. తర్వాత లీడరు పుస్తకంలో రాసింది ఒక్క వాక్యం: ఒక సభ్యురాలి కిస్తీ మిగతా సగం వచ్చే నెలకు వాయిదా వేయడానికి అందరూ ఒప్పుకున్నారు. నేను తీర్మానాల పుస్తకాన్ని సాక్ష్యంగా చదవడం ఆ రోజునుంచే మొదలైంది.

ఈ దృశ్యంలో మూడు సంగతులు గమనించాలి. అన్నిటికన్నా పెద్దది ఆ మాట: రంది. మన ప్రశ్నావళుల్లో కుంగుబాటు, నిరాశ, ఆందోళన అని ఉంటుంది. సర్వేకు వచ్చినవాడు అడిగితే ఆ తల్లి ‘అసొంటిది ఏం లేదు సార్’ అంటుంది. అబద్ధమాడి కాదు, ఆ మాటలు ఆమెవి కావు. రంది ఆమె మాట, మనాది ఆమె మాట. రందిలో దిగులుంది, బెంగ ఉంది, తిండి మానడం ఉంది, ఎవరి మీదో పెట్టుకున్న ఆశ ఉంది. అది రోగం పేరు కాదు కాబట్టి నలుగురిలో అనడానికి సిగ్గుండదు. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరుతో పోల్చి చూడండి. హైదరాబాదు చుట్టుపక్కల ఎవరికైనా ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలె’ అంటే అది తిట్టు. అందుకే ఆ మానసిక వైద్యశాలకు పిల్లవాణ్ణి తీసుకెళ్ళొచ్చిన తల్లి కూడా సంఘం తన పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు పద్దులో, కారణం గడిలో ‘దవాఖాన’ అనే రాయిస్తుంది. ఆ గడిలో దవాఖాన అన్నప్పుడల్లా జ్వరమే అనుకోవద్దు.

ఇక కిస్తీ. ఇంట్లో గడబిడ మొదలైతే ముందు తెలిసేది డబ్బు దగ్గర. తల్లి రెండు రోజులు పనికి నాగా పెడుతుంది, జీతం కోత పడుతుంది, కిస్తీ సగమవుతుంది. బడి హాజరుపట్టీ కన్నా, డాక్టరు చీటీ కన్నా ముందు సంఘం పుస్తకం పసిగడుతుంది. మూడోది, బాధ్యత పంచుకున్న తీరు. ఎవరూ సలహా ఇవ్వలేదు. ఎవరు ఎప్పుడు ఆ ఇంటికి వెళ్ళాలో తేల్చుకున్నారు, అంతే. ఇదీ ఒక కూటమే, కానీ ఆ మాట వింటే మనకు ఎన్నికలు గుర్తొస్తాయి. వీళ్ళు ఏర్పరచుకున్నదానికి పేరు లేదు. అడిగితే ‘మనోళ్ళం’ అంటారు.

ఈ బాధ్యత పంచుకునే తీరును 2019లో జరిగినదానితో కలిపి చూడాలి. ఆ ఏడు ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షలకు పైగా పిల్లలు తప్పారు, మార్కుల్లో తప్పుల మీద రాష్ట్రం అట్టుడికింది, ఇరవై మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీకి అప్పగించింది ఫలితాల ప్రక్రియలో లోపాలు వెతికే పని. ఫలితం ఫోన్‌లో చూసుకున్న ఆ గంటలో ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్న కమిటీ పరిధిలోదే కాదు. జీడిమెట్లలో షిఫ్టుకెళ్ళిన తల్లి ఆ గంట ఇంట్లో ఉండదు. ఉండగలిగింది సంఘంలో షిఫ్టు లేని ఇంకో ఆడమనిషి. ఫలితాల రోజున ఎవరి ఇంట్లో ఎవరు కూర్చోవాలో ముందే రాసుకున్న ఊరు ఉండి ఉంటే ఆ ఏప్రిల్ వేరుగా ఉండేదని నా నమ్మకం.

ఆ తర్వాత చాలా జరిగింది. 2022 అక్టోబరు 10న మానసిక సాయం కోసం టెలీ మానస్ ఫోన్ లైను 14416 మొదలైంది. అదే ఏడు దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. కానీ బహదూర్‌పల్లి చుట్టూ కాలేజీ గేటు లోపలికి వెళ్ళని పిల్లలున్నారు. డెలివరీ బ్యాగు తగిలించుకున్నవాడికి, ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్నవాడికి, సప్లిమెంటరీకి కట్టకుండా వదిలేసినవాడికి కౌన్సెలర్ ఎవరు? అతని తల్లి పేరు మాత్రం ఏదో ఒక సంఘం పుస్తకంలో ఉంటుంది.

సంఘంలోనూ పరువు పోతుందన్న భయం, కిస్తీ ఒత్తిడీ ఉంటాయనీ, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళు 2010లో ఆర్డినెన్సు తేవాల్సినంత దూరం వెళ్ళాయనీ నాకు తెలుసు.

అయినా నా మాట మార్చుకోను. తెలుగు నేల మీద కుటుంబాన్ని నిలబెడుతున్నది కులమూ కాదు, వంశమూ కాదు. ఒకరికొకరు పూచీ ఉన్న పదిమంది ఆడవాళ్ళు. శామీర్‌పేటలో దూబే వెతికిన ఊరు ఇప్పుడు ఆ చాప మీద కూర్చుంటోంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తన మనిషిని నెలకొక్కసారి ఆ చాప దగ్గరికి పంపితే చాలు, కొత్త కమిటీ అక్కర్లేదు. ఆ వచ్చినవాడు కరపత్రాలు పంచకుండా, కారణం గడి చదివి, ‘దవాఖాన అని రాశారు, ఏ దవాఖాన అమ్మా?’ అని మెల్లగా అడగగలవాడైతే ఇంకా మంచిది.

ఒక విన్నపం ఉంది. ఆడిట్ అయిపోయిన పాత తీర్మానాల పుస్తకాలు పాత పేపర్లవాడి తక్కెడలో పడుతున్నాయి. ఆ వరండాలోనే అలాంటివి ఒక కట్ట నా కళ్ళ ముందే తూకానికి పోయింది. విశ్వవిద్యాలయాల సమాజశాస్త్ర విభాగాలు, మెప్మా జిల్లా కార్యాలయాలు వాటిని పేర్లు కొట్టేసైనా సరే దాచిపెట్టాలి. మానసిక ఆరోగ్యంపై ఇంటింటి సర్వే మన దాకా వచ్చేలోపు మనకున్న లెక్క అదొక్కటే.