గనిలో మాట నడచిన త్రోవ

సింగరేణి నూరేండ్ల పండుగ పేరును ధరించిన సెంటినరీ కాలనీ పరిసరములందు రెండు తీరుల గనులు గలవు. ఒకటి ఆకసమునకు తెరచియున్న ఓపెన్‌కాస్టు. రెండవది అడ్రియాల లాంగ్‌వాల్ వంటి భూగర్భ గని. రెండింటను కార్మికుని మాట తోటివానికి నేరుగా చేరవలెనా, నడుమ వేరొక యంత్రము అందుకొని అందింపవలెనా యనునది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

వైర్‌లెస్ రాకమునుపు గనిలో గంటయే మాట. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారము, నడచుచున్నదానిని ఆపుటకు ఒక్క గంట చాలెడిది. మిక్కిలి తొందరగల ఆజ్ఞకు మిక్కిలి సులభమైన సంజ్ఞ నేర్పరచుట పూర్వుల వివేకము.

తరువాత వాకీటాకీలు వచ్చెను. ఒకే ఫ్రీక్వెన్సీపై రెండు సెట్లు నేరుగా పలుకుకొనుటకు మూడవదానితో పనిలేదు. కాని ఆ తరంగములు ఇంచుమించు సూటిగా నడచును; క్వారీ గట్టు, మట్టిదిబ్బ అడ్డమైనచో మాట నిలిచిపోవును. అందులకే ఎత్తయిన చోట రిపీటరు నుంతురు. అది ఒక ఫ్రీక్వెన్సీపై విని, తత్‌క్షణమే వేరొకదానిపై బలముగా పలుకును. ఢిల్లీ వార్తలను హైదరాబాదు రేడియో కేంద్రము అందుకొని శ్రోతలకు రిలే చేసిన విధమిదియే.

భూగర్భమున చిక్కు హెచ్చు. రాయి, బొగ్గు తరంగములను మ్రింగివేయును. గేలరీ మలుపు తిరిగినంతనే నేరుపలుకు క్షీణించును. 1970 ప్రాంతమున బ్రిటను, బెల్జియం దేశములందు దీనికి ఉపాయము సాగెను. పై తొడుగునందు సందులుగల కేబులును గనిపొడవునను పరచి, అక్కడక్కడ ఆంప్లిఫయర్లు నిలిపిరి. ఆ సందులనుండి తరంగములు వెలికి ఊరుచుండును.

అయితే తీగను నమ్మిన మాటకు తీగయే ప్రాణము. 2006 జనవరి 2న అమెరికాలోని సాగో గనిలో పేలుడు సంభవించి, టెలిఫోను తీగ పనికిరాక పోయెను. లోపల చిక్కినవారు పైకప్పు బోల్టులను సుత్తితో మోదిరి. ఆ చప్పుడు పైవారికి వినబడలేదు. పండ్రెండుగురు మరణించిరి; ఒక్కడే బ్రతికెను. ఆ యేడే, అత్యవసర సమయమున తీగలేని సంభాషణకు మూడేండ్లలో ఏర్పాటు చేయవలెనని అచట చట్టమాయెను.

రిలే దూరము నిచ్చును, కాని కరెంటును, తీగను, యంత్రమును ఆశ్రయించును. నేరుపలుకు దూరము పోలేదు. ఐనను రెండు సెట్లు, రెండు బ్యాటరీలు ఉన్నంతవరకు అది నిలుచును. కావున దూరవార్తకు రిలేను వాడుచు, అది మూగవోయినచో అందరును ఏ నేరు ఛానెలుకు మారవలెనో ముందే నిర్ణయించి, షిఫ్టులోని ప్రతివానికి నేర్పుట యుక్తము. ఆపద వచ్చిన పిదప ఎంచుకొనుటకు వ్యవధి యుండదు.