టాటానగర్ రైలు, హో పెద్ద ఇచ్చిన దోసకాయ



మన పెద్దవాళ్లలో కొందరి ముఖాలమీద గుంటలు చూసే ఉంటారు. పెద్దమ్మవారు పోసిన గుర్తులవి. పుస్తకాల్లో మశూచి అని రాస్తారు. 1974లో మన దేశంలో 1,88,000 మందికి పైగా ఇది సోకింది.

ఆ ఏడు జబ్బు బాగా పాకిన చోట్లలో టాటానగర్ ఒకటి. అప్పట్లో బీహార్, ఇప్పుడు జార్ఖండ్. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి కూలికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చిపోతుండేవారు. మశూచి ఒంట్లో చేరాక జ్వరం రావడానికి సుమారు 12 రోజులు పడుతుంది. రైలెక్కేటప్పుడు మనిషి బాగానే ఉంటాడు, ఇంటికి చేరాక పడకేస్తాడు. అలా ఒక్క స్టేషన్ నుంచి పక్క రాష్ట్రాల ఊళ్లకూ పోయింది. ఇందులో కూలివాడి తప్పేముంది? మిరప కోతలకు సరిహద్దు దాటి మనవైపు వచ్చేవాళ్లను 'వీళ్లే జబ్బులు తెస్తారు' అని మనవాళ్లే అనడం విన్నాను, అందుకే అడుగుతున్నా.

అప్పటి పద్ధతి ఇది: ఇల్లిల్లూ తిరిగి, బొబ్బలున్న మనిషి ఫొటో చూపించి, ఇలాంటివాళ్లు ఉన్నారా అని అడగడం. దొరికితే చుట్టుపక్కల అందరికీ టీకా వేయడం. టాటానగర్ నుంచి బయటికి పోయేవాళ్లకూ టీకా తప్పనిసరి చేశారు.

ఒక రాత్రి హో ఆదివాసీల పెద్ద ఒకాయన ఇంటిమీద పడ్డారు. ఆయన టీకా వద్దన్నాడు. వెదురు తలుపు విరగ్గొట్టి, పోలీసులు పట్టుకోగా బలవంతంగా పొడిచారు. భార్య ఒక డాక్టరు చెయ్యి కొరికింది. ఇంటిల్లిపాదికీ వేసేశారు. అంతా అయ్యాక ఆయన పెరట్లోకి వెళ్లి, తీగకు మిగిలిన ఒకే ఒక దోసకాయ కోసి, భార్య కొరికిన ఆ డాక్టరు చేతికే ఇచ్చాడు. దేవుడి ఇష్టానికి లోబడటం తన ధర్మమనీ, టీకా వేయడం మీ ధర్మమనుకుని మీరు చేశారనీ, ఇక మీరు అతిథులనీ ఆయన అన్నట్టు, ఆ జట్టులోని అమెరికన్ వైద్యుడు ల్యారీ బ్రిలియంట్ తర్వాత రాశాడు. హో భాష వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఒకరు ఆ మాటల్ని అనువదించారు.

టీకా మంచిదే, నేనూ హాస్టల్లో దగ్గరుండి వేయిస్తాను. కానీ సూదంటే మంచం కింద దూరే పిల్లను కాళ్లు పట్టి లాగను. పక్కన కూర్చుని ఆ పిల్ల భాషలోనే అడుగుతాను. ఒక్కోసారి గంట పడుతుంది.

దేశంలో చివరి కేసు 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్లో దొరికింది. బంగ్లాదేశ్ నుంచి వచ్చి అక్కడ అడుక్కుంటున్న ఒకావిడ. ఆవిడా ప్రయాణంలో ఉన్న మనిషే.