వేసవి వస్తే నల్లమలకు నిప్పు ముప్పు

ఆత్మకూరు: ఫాల్గుణ మాసం ప్రవేశించే నాటికి నల్లమల అడవిలో ఆకు నిలవదు. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఏగి చెట్లు ఒకదాని వెంట ఒకటి మోడువారతాయి. నేలపై ఎండుటాకులు పాదం మునిగేంత మందంగా పేరుకుంటాయి. వర్షాకాలంలో మనిషెత్తు పెరిగిన బోదగడ్డి నిలువునా ఎండి గాలికి గలగలలాడుతుంటుంది. ఇక కావలసింది ఒక్క నిప్పురవ్వ. ఫిబ్రవరి ద్వితీయార్ధం మొదలుకొని జూన్‌లో తొలకరి జల్లులు పడేవరకు అటవీ సిబ్బందికి కంటిమీద కునుకు ఉండదు. అడవి అంచు గ్రామాల వారికి రాత్రిపూట కొండపై ఎర్రటి దండలా పాకే మంటలు, తెల్లవారుజామున ఇళ్ల మధ్య కమ్ముకునే పొగ ఏటా అలవాటైన దృశ్యాలే.

తూర్పు కనుమల్లో భాగమైన ఈ అడవులు నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు, శ్రీశైలం మొదలుకొని దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు, పల్నాడు ప్రాంతాల వరకు, కృష్ణానదికి ఆవల తెలంగాణలోని అమ్రాబాద్ వరకు విస్తరించి ఉన్నాయి. 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలోనే అది పెద్దదిగా పేరొందింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. సరిహద్దు నదిపై గీసినా నిప్పు స్వభావం మాత్రం రెండు ఒడ్డులా ఒక్కటే. రెండువైపులా ఉన్నది ఆకురాల్చే పొడి అడవే.

వెదురు రాపిడి వల్ల కాదు

అడవిలో వెదుళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని నిప్పు పుడుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజమైతే ఎవరికీ బాధ్యత ఉండదు. అందుకే అది అంతగా ప్రచారంలో ఉంది కాబోలు. మన దేశంలో కార్చిచ్చుల్లో అత్యధిక భాగం మనుషుల వల్ల సంభవిస్తున్నవేనని అటవీ శాఖలు, పరిశోధకులు ఏనాడో తేల్చారు. పిడుగుపాటుతో మంటలు రేగడం ఉన్నా, ఇక్కడ పిడుగులు సాధారణంగా వానతో కలిసే వస్తాయి గనుక ఆ ముప్పు స్వల్పం.

నిప్పు పెట్టడానికి ఎవరి కారణం వారికి ఉంటుంది. ఎండిన గడ్డి కాలిపోతే మొదటి చినుకుకే లేత గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు అంటిస్తారు. ఇప్పపూలు రాలే కాలంలో చెట్టు కింద ఆకుల చెత్త ఉంటే పూలు ఏరడం కష్టం. అగ్గిపుల్ల గీస్తే నేల శుభ్రమవుతుంది. పొదను కాల్చితే తునికి ఆకు లేతగా, వెడల్పుగా వస్తుందన్నది బీడీ ఆకు కోసేవారి లెక్క. తేనె తీసేందుకు పొగపెట్టిన కాగడాను సరిగా ఆర్పకపోవడం, పొలం గట్లు కాల్చగా గాలికి మంట అడవి వైపు మళ్లడం, వేటగాళ్లు జంతువులను ఒకవైపు తరిమేందుకు కావాలని తగలబెట్టడం కూడా ఉన్నాయి. వీటన్నింటికంటే విచారకరమైనది ఏ ప్రయోజనమూ లేకుండా ఘాట్‌రోడ్డు మలుపులో వాహనం నుంచి విసిరివేసే బీడీ, సిగరెట్ పీక.

మహాశివరాత్రి, ఉగాది ఉత్సవాలు సరిగ్గా ఆకురాలు కాలంలోనే వస్తాయి. వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం వరకు వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే పాదయాత్రికులు మరీ ఎక్కువ. దారిలో రాళ్లు పేర్చి వంట చేసుకుంటారు. కట్టెలు ఆరినట్లే కనిపించినా బూడిద కింద నిప్పు గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పొయ్యిపై నీళ్లు పోసి, కర్రతో కలియదిప్పి, చేత్తో తాకి చల్లబడిందని నిర్ధారించుకుంటే తప్ప అది ఆరినట్లు కాదు. నీటి సీసా మోసుకుని పది మైళ్లు నడిచిన యాత్రికునికి ఆ నీటిని పొయ్యిలో పోయమని చెప్పడం సులువు కాదు. అందుకే నడకదారిలో నీటి వసతి కల్పించడం కూడా అగ్ని నివారణ చర్యే.

అంకెలు ఏం చెబుతున్నాయి

దేశంలో అడవి మంటల లెక్కను డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ చూస్తుంది. ఉపగ్రహాల సాయంతో 2004 నుంచి మంటల సమాచారాన్ని రాష్ట్రాలకు పంపుతోంది. తొలుత మోడిస్ అనే పరికరం ఒక కిలోమీటరు స్థాయిలో మంటను గుర్తించేది. తరువాత అందుబాటులోకి వచ్చిన విర్స్ పరికరం 375 మీటర్ల స్థాయిలోనే పసిగడుతోంది. ఈ ఉపగ్రహ సమాచారాన్ని అందుకునే కేంద్రం హైదరాబాద్ సమీపంలోని షాద్‌నగర్‌లో ఉంది. అక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం స్వీకరించిన సమాచారం విశ్లేషణ తరువాత సంక్షిప్త సందేశంగా మారి సంబంధిత అటవీ సిబ్బంది సెల్‌ఫోన్లకు చేరుతుంది.

2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశవ్యాప్తంగా విర్స్ గుర్తించిన మంటలు 2,03,544. ఇందులో ఆంధ్రప్రదేశ్‌లో 18,174, తెలంగాణలో 13,479 నమోదయ్యాయి. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ తరువాతి స్థానం మనదే. హిమాలయాల పైన్ అడవులు తగలబడితే దేశమంతా మాట్లాడుతుంది గానీ మన కొండల సంగతి జిల్లా పేజీ దాటదు.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఒకే మంట రెండు మూడు రోజులు పాకితే ఉపగ్రహం ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు లెక్కలోకి వస్తుంది. మరోవైపు ఉపగ్రహం దాటే సమయం మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతం. ఆ మధ్యలో పుట్టి ఆరిపోయిన మంట దాని కంటపడదు. దట్టమైన చెట్ల కింద నేలబారుగా పాకే చిన్న మంట కూడా తప్పించుకోవచ్చు. సందేశం అందడం ఒక ఎత్తు, ఆ స్థలానికి చేరుకోవడం మరో ఎత్తు. జీపు వెళ్లగలిగే దారి ముగిసిన చోటు నుంచి కొండలెక్కి లోయలు దిగి వెళ్లేసరికి మంట మరో వాలుకు మారి ఉంటుంది.

ఎగువకు పరుగు

కొండపై మంట ఎగువకే పరుగెత్తుతుంది. వాలు మీద జ్వాల పైనున్న గడ్డికి దగ్గరగా వంగి, అంటుకోకముందే దాన్ని ఎండబెట్టి వేడెక్కిస్తుంది. పది డిగ్రీల వాలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది అగ్నిమాపక నిపుణుల స్థూల అంచనా. పగటిపూట లోయ నుంచి శిఖరం వైపు వీచే గాలి దీనికి తోడవుతుంది. అందుకే అనుభవజ్ఞులు మధ్యాహ్నం మంటకు ఎదురు వెళ్లరు. సాయంత్రం గాలి నెమ్మదించాక, తెల్లవారుజామున మంచు తేమ ఉన్నప్పుడు పక్కల నుంచి అణచుకుంటూ వస్తారు.

ఈ సంగతి తెలియకపోవడం ఎంత ప్రమాదమో 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో రుజువైంది. కొండ నడకకు వెళ్లిన యువతీ యువకులు ఎండుగడ్డి వాలులో మంటల మధ్య చిక్కుకున్నారు. ఆ దుర్ఘటనలో చికిత్స పొందుతూ మరణించిన వారితో కలిపి 23 మంది ప్రాణాలు కోల్పోయారు. తలకోన, నాగలాపురం కొండలకు వారాంతపు నడకలకు వెళ్లేవారు పెరుగుతున్న తరుణంలో మన ప్రాంతంవారు ఇది గుర్తుంచుకోవాల్సిన ఉదంతం. మంట కనిపిస్తే పైకి పరుగెత్తకూడదు. పక్కకు మళ్లి కిందికి దిగాలి. వాగు, బండరాళ్ల నేల, అప్పటికే కాలి ఆరిన స్థలం దొరికితే అక్కడే ఆగాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్టలు మేలు.

తిరుమల చూసిన మంటలు

శేషాచలం అడవుల్లో 2014 మార్చిలో రేగిన కార్చిచ్చు ఈ సమస్యను తొలిసారి రాష్ట్రమంతా చర్చించేలా చేసింది. తిరుమల పరిసర కొండలను మంటలు చుట్టుముట్టి రోజుల తరబడి అదుపులోకి రాలేదు. అటవీ, అగ్నిమాపక సిబ్బంది, దేవస్థానం ఉద్యోగులకు సైన్యం తోడు వచ్చింది. వైమానిక దళ హెలికాప్టర్లు భారీ బకెట్లతో నీటిని తెచ్చి మంటలపై గుమ్మరించాయి. 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందిన శేషాచలంలో ఎర్రచందనంతో పాటు ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని పేరీత వంటి మొక్కలు ఉన్నాయి.

హెలికాప్టర్ల దృశ్యాలు అందరికీ గుర్తుండిపోయాయి. కానీ కొండ అడవిలో మంటను చివరకు ఆర్పేది నేలపై నిలిచిన మనిషే. పైనుంచి నీరు పడితే జ్వాల తగ్గుతుంది. మొద్దుల్లో, వేర్లలో రాజుకునే నిప్పును ఎవరో ఒకరు దగ్గరకు వెళ్లి తవ్వి ఆర్పకుంటే మరుసటి మధ్యాహ్నానికి మళ్లీ లేస్తుంది.

పచ్చికొమ్మే ఆయుధం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో అగ్ని నిరోధక రేఖలను శుభ్రం చేయడం నివారణలో మొదటి పని. అడవి దారుల వెంట, బీట్ల సరిహద్దుల్లో కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి, ఆకులు తొలగించి, తేమ ఉన్న వేళ అదుపులో కాల్చివేస్తారు. పాకివచ్చిన మంట అక్కడ ఆహారం లేక ఆగుతుంది. ఈ పని ఆలస్యమైతే ఏడాదంతా ఫలితం అనుభవించాల్సిందే. ఫిబ్రవరిలో చేయాల్సిన పనికి మార్చి చివర నిధులు అందితే, రేఖ గీసేది బూడిదలోనే.

మంట రేగాక పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం తరతరాల పద్ధతి. ఇటీవలి సంవత్సరాల్లో ఆకులను గాలితో ఊదివేసే బ్లోయర్లు వచ్చాయి. మంట ముందున్న ఆకులను క్షణాల్లో తొలగించి దారి చేయడంలో అవి బాగా పనికొస్తున్నాయి. వీపున యంత్రం, చేతిలో పెట్రోలు డబ్బాతో వాలులో ఎక్కడం మాత్రం తేలిక కాదు. వేసవి నెలలకే నియమించే ఫైర్ వాచర్లు, రక్షణ శిబిరాల్లో పనిచేసేవారిలో చెంచులు ఎక్కువ. ఏ వాలులో గాలి ఏ వేళకు తిరుగుతుందో, ఏ వాగులో ఏప్రిల్‌లో నీటి చెలమ ఉంటుందో వారికి తెలుసు. మంటకు ఎదురెళ్లే వారికి బూట్లు, మాస్కులు, తాగునీరు, సకాలంలో వేతనం అందించడం ఉపగ్రహ సందేశం కంటే తక్కువ ముఖ్యమైన విషయం కాదు.

మంటలన్నింటికీ గూడేల వారినే నిందించడం కూడా సరికాదు. అడవి కాలితే తేనె, బంక, కుంకుళ్లు, గడ్డలు ముందుగా కోల్పోయేది వారే. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు పూర్వం ఆకు పూర్తిగా ఎండకముందే నేలబారున చిన్న మంట పెట్టేవారు. ఆ అలవాటును నిలిపివేశాక లంటానా పొదలు కమ్ముకుని, తరువాత వచ్చే మంటలు పెద్దవయ్యాయని అక్కడ అధ్యయనం చేసిన పరిశోధకులు పేర్కొన్నారు. నల్లమలకు అది యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. అయితే ఎప్పుడు, ఎంత కాల్చాలన్న ప్రశ్నను ఇక్కడివారితో కలిసి ఆలోచించడంలో తప్పులేదు.

చట్టం విషయానికొస్తే, 1967 నాటి అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ అభయారణ్యంలో నిప్పు పెట్టడమే కాదు, ప్రమాదకరంగా వదిలివెళ్లడాన్నీ నిషేధించింది. నిర్జనమైన అడవిలో గీసిన అగ్గిపుల్లకు సాక్షి దొరకడమే కష్టం.

పొగతో చిక్కు

కార్చిచ్చు కొండపై ఉన్నా పొగ కొండపైనే ఉండదు. పగలు వేడికి పైకి లేచి చెదిరిపోతుంది. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది, దానితో పాటే పొగా దిగుతుంది. పైన వెచ్చటి గాలిపొర మూతలా నిలవడంతో లోయ గ్రామాల్లో సూర్యోదయం తరువాత కూడా కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది. అందువల్ల మంటలున్న రోజుల్లో ఉదయపు నడక మంచిది కాదు. ఘాట్‌రోడ్డు ప్రయాణికులకు కూడా తెల్లవారుజామునే దారి సరిగా కనిపించదు.

పొగలోని అతి సూక్ష్మ ధూళి కణాలు వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కంటే చిన్నవి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు. ఊపిరితిత్తుల లోలోపలికి చేరి ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి, పసిపిల్లలకు, గర్భిణులకు హాని చేస్తాయి. తడి తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందన్న నమ్మకం ఉంది. కళ్లమంట కొంత తగ్గుతుందేమో గానీ సూక్ష్మ కణాలను ఆ గుడ్డ ఆపదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు కొంత రక్షణనిస్తుంది. పొగ వేళ కిటికీలు మూసి, ఇంట్లో కట్టెల పొయ్యి వెలిగించకుండా ఉండటం మేలు. ఆయాసం, ఛాతీలో నొప్పి కనిపిస్తే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

చెట్టు నిలిచినా మొక్క మిగలదు

నల్లమలలో మంటలు ఎక్కువగా నేలబారుగానే పాకుతాయి. పెద్ద చెట్లు మందపాటి బెరడుతో బతికి బయటపడతాయి. అందుకే వానలు పడగానే అడవి మళ్లీ పచ్చబడి, నష్టమేమీ లేనట్లు కనిపిస్తుంది. నష్టం మోకాలి ఎత్తు లోపల జరుగుతుంది. టేకు, తునికి వంటి వాటి మొలకలు పైభాగం కాలినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తాయి. ఏటా కాలుతూ ఏటా చిగురిస్తూ ఎన్నేళ్లయినా జానెడు దాటవు. ముసలి చెట్టు కూలినప్పుడు దాని స్థానంలోకి రావలసిన పడుచు చెట్టు అక్కడ ఉండదు.

నేలపై గూడు కట్టే నెమలి, అడవికోడి, కౌజు గుడ్లు మాడిపోతాయి. నక్షత్ర తాబేలు, అలుగు, ఉడుము పరుగెత్తి తప్పించుకోలేవు. జింకలు, కణుతులు తప్పించుకున్నా మేత లేక పొలాల వైపు వస్తాయి, వాటి వెనుక చిరుతలూ వస్తాయి. ఆకుల కప్పు పోయిన వాలుపై తొలకరి వాన పడితే బూడిద, పైమట్టి కలిసి వాగుల్లోకి కొట్టుకుపోతాయి. గుండ్లకమ్మ పుట్టింది ఈ అడవుల్లోనే. కాలిన కొండల నుంచి జూన్‌లో దిగే మొదటి నీరు నల్లగా రావడం ఆ పరీవాహక గ్రామాల రైతులకు తెలిసిన విషయమే.