మైకల్ శిఖరాన పచ్చిక బయళ్లు.. కోటా మీదుగా రాజ్‌మేర్‌గఢ్ దారి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా కోటా పట్టణం మైకల్ పర్వతశ్రేణికి ముంగిలి వంటిది. బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కట్నీ రైలు మార్గంపై ఉన్న ఈ ఊరి స్టేషన్ పేరు 'కర్గీ రోడ్'. టికెట్ తీసుకునేటప్పుడు 'కోటా' అని వెతికితే రాజస్థాన్‌లోని నగరం కనిపిస్తుంది. ఈ తేడాను తెలుగు ప్రయాణికులు గమనించాలి. తిరుపతి, విశాఖపట్నం వైపు నుంచి వచ్చేవారు బిలాస్‌పూర్‌లో రైలు మారవచ్చు.

కర్గీ రోడ్ దాటాక బేల్‌గహనా, ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ మీదుగా రైలు అడవుల మధ్య పైకెక్కి పెండ్రా రోడ్ చేరుతుంది. 2020 ఫిబ్రవరి 10న బిలాస్‌పూర్ నుంచి వేరుపడిన గౌరేలా-పెండ్రా-మర్వాహీ జిల్లా ఇక్కడిదే. ఈ జిల్లాలో, అమర్‌కంటక్ సమీపాన కబీర్ చబూతరాకు చేరువలో రాజ్‌మేర్‌గఢ్ కొండ ఉంది. లోయ అందాలను చూస్తూ కుటుంబ సమేతంగా నడవడానికి, వనభోజనాలకు ఇది అనువైన చోటు. పర్వతారోహణ అనుభవం అవసరం లేదు.

నదులకు పుట్టినిల్లు

సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న అమర్‌కంటక్ పీఠభూమి వద్ద పుట్టే నర్మద 1,312 కిలోమీటర్లు ప్రవహించి అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఇక్కడికి చేరువలోనే జన్మించే శోణ నది గంగను చేరుతుంది. పెండ్రా ప్రాంతంలో పుట్టే అర్పా నది బిలాస్‌పూర్ నగరం మీదుగా సాగి శివనాథ్‌లో కలుస్తుంది. ఆ నీరు మహానది ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది. కొండలపై కురిసిన వాననీటిని పట్టి నిలిపేవి ఈ గడ్డి, సాల వృక్షాల అడవులే. వాటికి కలిగే నష్టం దిగువ ఊళ్ల తాగునీటిపై ప్రభావం చూపుతుంది.

నిప్పుతో జాగ్రత్త

వేసవిలో ఎండిన గడ్డి, రాలిన ఆకులు చిన్న నిప్పురవ్వకే అంటుకుంటాయి. ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య వరకు అటవీశాఖ అగ్నిప్రమాద కాలంగా పరిగణిస్తుంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 నాటి భారతీయ అటవీ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం నేరం. అందువల్ల వనభోజనానికి వెళ్లేవారు అక్కడ పొయ్యి వెలిగించకుండా, వండిన ఆహారాన్ని వెంట తీసుకెళ్లడం మేలు. ప్లాస్టిక్ వ్యర్థాలను తిరిగి తీసుకురావాలి.

ఎప్పుడు వెళ్లాలి

వానలు తగ్గాక అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. శీతాకాలంలో చలి తీవ్రంగా ఉంటుంది గనుక ఉన్ని దుస్తులు తప్పనిసరి. వర్షాకాలంలో పచ్చదనం కనువిందు చేసినా, ఉరుములు వినిపించగానే శిఖరం దిగిపోవాలి. కోటా నుంచి అచానక్‌మార్ పులుల అభయారణ్యం గుండా రోడ్డు ప్రయాణం చేయదలచినవారు అటవీశాఖ ఆంక్షలను ముందుగా తెలుసుకోవాలి. చీకటి పడకముందే కొండ దిగడం క్షేమకరం.