సెలవు చీటీలో మిగిలిపోయిన అర్జీ

ఆసిఫాబాద్ పరిసరాల్లో ఈనాటికీ చాలా సెలవు చీటీలు ‘గౌరవనీయులైన’ అని మొదలై, ‘దయతో మంజూరు చేయగలరని ప్రార్థన’ అని ముగుస్తాయి. జ్వరం వచ్చినవాళ్లు కూడా తప్పు చేసినట్టు ఒదిగి రాస్తారు. దీన్ని వట్టి మర్యాద అనుకుని వదిలేయలేం. సెలవు దయగా ఉన్న కాలంలో పుట్టిన రాత ఇది. ఆ తర్వాత చట్టం మారింది, రాత మాత్రం మారలేదు. అందువల్ల నష్టపోతున్నది చీటీ రాసేవాళ్లే.

1941లో జిల్లా కేంద్రం ఆసిఫాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు తరలేదాకా ఇక్కడి కచేరీల్లో పెద్ద అధికారి అవ్వల్ తాలూక్‌దార్. నిజాం సర్కారు 1884లో ఉర్దూను పాలనా భాష చేసింది. ఇళ్లలో తెలుగు, గోండి, మరాఠీ పలికే ఊళ్లలో కాగితం మాత్రం ఉర్దూలో నడిచింది. తన మాట తన భాషలో చెప్పుకునే వీలు లేనివాడు ఇంకొకరు రాసిపెట్టిన వినయ వాక్యాల కిందే సంతకం చేయాలి. దరఖాస్తుల్లోని ప్రాధేయపడే ధోరణికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. ఆ దరఖాస్తు పెట్టుకునే యోగమైనా నౌకరీ ఉన్న కొద్దిమందికే దక్కింది. అప్పు కింద దొర ఇంట్లో చాకిరీకి కట్టుబడ్డ భగేలాకు సెలవు అన్న మాటే లేదు. భగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ 1936లో నిబంధన వచ్చినా, గ్రామాల్లో దాని అమలు బలహీనంగానే సాగింది.

నిజాం పాలన ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. బ్రిటిష్ ఇండియాలో 1922 నుంచి అమలైన ఫండమెంటల్ రూల్స్‌లో 67వ నిబంధన, సెలవును హక్కుగా కోరరాదని సూటిగానే చెప్పింది. పని అవసరాన్ని బట్టి నిరాకరించే, రద్దు చేసే అధికారం పైవారికే ఉంచింది. ప్రభుత్వ కొలువుల్లో సెలవు చీటీ ప్రార్థనగా నిలిచిపోవడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

మలుపు కార్ఖానాల వైపు నుంచి వచ్చింది. 1942లో కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. పొలం పని తప్ప ఎరగని కుటుంబాలకు షిఫ్టు, హాజరు పట్టీ పరిచయమయ్యాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం, తర్వాతి సవరణతో, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 పని దినాలకు ఒకటి చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు ఇవ్వాలంది. కావలసిన రోజుకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలంది. జబ్బు చేస్తే ఆ గడువు పట్టింపు లేదంది. గడువులోపు సక్రమంగా ఇచ్చిన దరఖాస్తును ఇష్టం వచ్చినట్టు తోసిపుచ్చే వీలూ లేకుండా చేసింది. 1952 గనుల చట్టం, తర్వాతి సవరణలతో, భూగర్భంలోకి దిగేవారికి 190 హాజర్లు చాలంటూ 15 రోజులకో సెలవు ఇచ్చింది. బెల్లంపల్లి, గోలేటి ప్రాంతాల బొగ్గు గని కార్మికుల నోట మస్టర్లు (హాజర్లు), నాగాలు (గైర్హాజర్లు) అన్న మాటలు అంతగా నలగడానికి ఈ లెక్కా ఒక కారణం కావచ్చు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఇంకో అడుగు వేసింది. నోటీసు ఇవ్వనంత మాత్రాన మహిళ తన ప్రయోజనం కోల్పోదని చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 240 రోజుల అర్హతను 180కి దించింది. ఇన్ని మార్పుల తర్వాత కార్మికుల సెలవు చీటీ ప్రార్థన కాదు, సంపాదించుకున్న రోజులను ఎప్పుడు వాడుకుంటున్నామో తెలిపే సమాచారం.

మర్యాదగా రాస్తే పోయేదేముంది అని కొందరంటారు. మర్యాద ఉండాల్సిందే, ‘గారు’ అనడంలో చిన్నతనం లేదు. కానీ ప్రార్థన ఎక్కువైన చీటీలో అసలు వివరాలు జారిపోతాయి. ఏ రకం సెలవు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, తిరిగి చేరేదెప్పుడు అన్నవి లేకుండా ‘ఆరోగ్యం బాగాలేనందున కొన్ని రోజులు’ అని రాసిన కాగితం ఎవరినీ కాపాడదు. ఫోన్‌లో ఒక మెసేజ్ పెడితే సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. సరిపోవచ్చు, పై అధికారి మారనంత వరకు. గైర్హాజరీ పేరుతో ఉద్యోగం పోయి ఏళ్ల తరబడి తిరిగిన డిస్మిస్ కార్మికులు సింగరేణి బొగ్గు గనుల ప్రాంతమంతటా ఉన్నారు. అలాంటి విచారణలో నిలిచేది తేదీ వేసిన కాగితమే. ప్రభుత్వోద్యోగికి 67వ నిబంధన ఉంది కదా అన్న అభ్యంతరంలో బలం ఉంది. అయితే నిరాకరించే అధికారం పైవారిదైనప్పుడు, ఏమి అడిగామో రుజువు ఉండటం మరీ అవసరం.

కాబట్టి చీటీ రెండు ప్రతులు రాయండి. సెలవు రకం, తేదీలు, కారణం ఒక్క వాక్యంలో, మీరు లేనప్పుడు పని చూసేవారి పేరు రాస్తే చాలు. ఒక ప్రతి కార్యాలయంలో ఇచ్చి, రెండో దానిమీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దాచుకోండి.